రేవుకు వచ్చినవాడు దొంగా? అతిథా?

మన పత్రికలవారు యాట్ అనే మాటకు 'విలాసనౌక' అని తెనిగింపు స్థిరపరచారు. ఈ మాట మీద నాకు చాలాకాలంగా కోపం. పదం దారి తప్పితే దాని వెంట ఆలోచన తప్పుతుంది, ఆలోచన వెంట శాసనం తప్పుతుంది. విలాసనౌక అనగానే చదువరి కళ్లకు కట్టేది అంతస్తుల ఓడ, దానిపైన హెలికాప్టరు, చుట్టూ పరిచారకులు. అటువంటివి లోకంలో లేకపోలేదు. కాని సముద్రాలు దాటి దేశదేశాల రేవులు చూస్తూ తిరిగే యాట్లలో అత్యధికం పది పదిహేను మీటర్ల పొడవుండే తెరచాప పడవలు. అందులో ఉండేది సాధారణంగా ఇద్దరు. ఉద్యోగవిరమణ చేసి, ఉన్న ఇల్లు అమ్మి పడవ కొనుక్కున్న దంపతులు కావచ్చు. వంట వారిదే, చుక్కాని వారిదే, రాత్రి కాపలా వంతులవారీగా వారిదే. దీనిని విలాసమనడం కాలినడకన కాశీకి పోయేవాణ్ణి షికారుకు వెళ్లాడనడం వంటిది. నేనిక్కడ 'యాత్రానావ' అంటాను. మెరుగైన మాట తోచినవారు వ్యాఖ్యలో వ్రాస్తే సంతోషిస్తాను.

ఇంతకూ నా వాదం పదం గురించి కాదు. ఆ యాత్రానావ పరదేశపు రేవుకు చేరినప్పుడు, అక్కడినుండి బయలుదేరేటప్పుడు జరిగే తంతు గురించి. ఆ తంతును మన దేశం నడుపుతున్న తీరు మన సంప్రదాయానికీ, మన అవసరానికీ, చివరకు మన భద్రతకు కూడా తగినది కాదని నా అభియోగం.

తంతు ఏమిటో ముందు చెప్పాలి. సముద్రంమీద వచ్చిన నావ మొదట ఆ దేశం నిర్ణయించిన ప్రవేశపు రేవుకే రావాలి. ఎక్కడపడితే అక్కడ లంగరు దించరాదు. రాగానే పసుపుపచ్చని జెండా ఎగరవేయాలి. అంతర్జాతీయ సంకేతావళిలో అది క్యూ అక్షరపు జెండా. నా నావలో రోగం లేదు, ప్రవేశానుమతి ఇవ్వండి అని దాని అర్థం. అనుమతి దొరికేవరకు ఎవరూ ఒడ్డు తొక్కరాదు. ఆరోగ్యాధికారి, వలసల అధికారి, సుంకాధికారి, రేవు అధికారి, కొన్ని దేశాల్లో వీరికి తోడు వ్యవసాయశాఖ అధికారి చూడవలసినవి చూస్తారు. అప్పుడు పసుపుజెండా దించి ఆ దేశపు జెండాను మర్యాదగా ఎగరవేస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు అధికారులు నిష్క్రమణపత్రం ఇస్తారు. దానినే పోర్ట్ క్లియరెన్స్ అంటారు. తరువాతి దేశంవాడు మొట్టమొదట అడిగేది ఆ కాగితాన్నే. అది లేని నావను అనుమానించి జరిమానా వేయవచ్చు, నిలిపివేయవచ్చు. అంటే ఒక రేవు గుమాస్తా చేసిన ఆలస్యం, పొరపాటు వేల మైళ్ల అవతల మరొక రేవులో శిక్షగా పరిణమిస్తాయి.

ఈ విధులు ఉండరాదని నేననను. ఏ దేశానికైనా గడప ఉంటుంది, గడప దాటేవాణ్ణి పలకరించే హక్కూ ఉంటుంది. ఆస్ట్రేలియాను చూడండి. అక్కడి నియమాలంత కఠినమైనవి అరుదు. రాబోయే నావ కనీసం 12 గంటల ముందుగా కబురు పంపాలి, 90 రోజులకు ముందుగా పంపరాదు. అందరికీ వీసా ముందే ఉండాలి. మాంసం, తేనె, పళ్లు, కొయ్యసామాను అన్నీ తనిఖీ చేస్తారు, పనికిరాదనుకున్నది తీసుకుపోతారు. న్యూజిలాండు మరొక మెట్టు పైన ఉంది. కనీసం 48 గంటల ముందు కబురందాలి. నావ అడుగుభాగాన పట్టిన నాచు, నత్తలు కూడా పరదేశపు జీవులే గనుక అడుగు శుభ్రంగా ఉన్నదని ఋజువు చూపాలని 2018 నుండి నిబంధన అమలులో ఉంది. ఇంత కఠినమైనా ఆ దేశాలకు యాత్రానావలు వెళ్తూనే ఉంటాయి. కారణం ఒక్కటే. అడిగేదంతా ఒకచోట, తేట మాటలలో, ముందే వ్రాసి ఉంది. పాఠ్యభాగం ముందే చెప్పి పెట్టిన పరీక్ష ఎంత కష్టమైనదైనా విద్యార్థి భయపడడు. భయపెట్టేది పాఠ్యభాగం చెప్పని పరీక్ష.

మన పరీక్ష ఆ రెండవ రకానిది. చట్టం లేదని కాదు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 29వ సెక్షను నావ ఎక్కడికి రావాలో చెబుతుంది. అధికారి వ్రాతపూర్వకమైన ఆజ్ఞ లేక నావ కదలరాదని 42వ సెక్షను అంటుంది. 29వ సెక్షనులోనే ప్రమాదంవల్లనో, తుఫానువల్లనో, తప్పనిసరి కారణంవల్లనో మరొకచోట తీరం చేరితే నేరం కాదని, దగ్గరలోని సుంకాధికారికో పోలీసుఠాణాకో వెంటనే తెలిపితే చాలునని దయగల మాట కూడా ఉంది. 1908 నాటి రేవుల చట్టం స్థానే 2025లో కొత్త చట్టం చేసుకున్నాం. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025 సెప్టెంబరు 1 నుండి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. చట్టాలకు కొదవలేదు. కొదవ ఎక్కడంటే, ఇద్దరు మనుషులున్న పది టన్నుల పడవకూ యాభైవేల టన్నుల సరకు ఓడకూ ఆచరణలో భేదం పాటించకపోవడంలో. సరకే లేని పడవకు సరకు ఓడల కాగితాలు. నావికుల జాబితా, సామగ్రి జాబితా, ఒక్కొక్క కార్యాలయానికి ఇన్నిన్ని నకళ్లు. ఒక రేవులో ప్రవేశించి ముద్రలు వేయించుకున్నవాడు అదే దేశంలో, అదే తీరంలో మరొక రేవుకు పోతే మళ్లీ మొదటినుండి తంతు. హైదరాబాదులో దిగిన విమానయాత్రికుణ్ణి విజయవాడ బస్సెక్కినప్పుడు, రాజమండ్రి బస్సెక్కినప్పుడు మళ్లీ మళ్లీ పట్టుకుని దేశప్రవేశం చేయిస్తామా? సముద్రంమీద వచ్చినవాడికి మాత్రం అదే చేస్తున్నాం. తనంతట తాను ఈ పని చక్కబెట్టుకోలేక అతడు ఏజెంటును ఆశ్రయిస్తాడు. ఏజెంటు రుసుము సరకు ఓడల లెక్కకు అలవాటుపడినది.

ఉపగ్రహ ఫోను సంగతి మరొకటి. నడిసముద్రంలో అది ప్రాణం కాపాడే వస్తువు. మన దేశంలో తురాయా, ఇరిడియం ఫోన్లను ప్రభుత్వానుమతి లేక తేవడం నేరం. ఆ నిషేధానికి కారణాలున్నాయి, నేను కాదనను. కాని తెలియక తెచ్చినవాడు చెరసాల పాలయ్యే బదులు, ప్రవేశించేటప్పుడు ఫోను చూపి, దానికి లక్కముద్ర వేయించుకుని, వెళ్లేటప్పుడు విప్పించుకునే ఏర్పాటు అందరికీ తెలిసేట్లు ఉండాలి కదా!

దీని ఫలితం చెబుతాను. ఈశాన్య ఋతుపవనాల కాలంలో, ముఖ్యంగా జనవరి మొదలు మార్చివరకు, థాయిలాండు, మలేషియా తీరాలనుండి పడమరకు సాగే యాత్రానావలు మన తూర్పుతీరాన్ని కుడిచేతివైపు వదిలేసి సింహళానికి, మాల్దీవులకు పోతాయి. మన దేశానికి వచ్చే కొద్దిమందీ ఎక్కువగా కొచ్చిలో ఆగుతారు. సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరమున్న ఆంధ్రదేశానికి ఆ నావలు దాదాపు రానేరావు. విశాఖపట్నంలో 2023లో పెద్ద విహార ఓడల కోసం కోట్లు పోసి టెర్మినలు కట్టుకున్నాం. మంచిదే. వేయిమందిని మోసుకువచ్చే ఓడకు స్వాగతతోరణం కట్టిన మనం ఇద్దరిని మోసుకువచ్చే పడవకు ఒక కుర్చీ వేయలేమా?

ఇక ఎదురుమాటలు. మొదటిది దేశభద్రత. ఈ మాట రాగానే వాదం ముగిసిందనుకునేవారున్నారు. నా దృష్టిలో అక్కడే మొదలవుతుంది. 2008 నవంబరు 26న ముంబయిమీద పడిన పదిమంది సముద్రంమీదనే వచ్చారు. ఎలా వచ్చారు? పసుపుజెండా ఎగరవేసుకుని, నావికుల జాబితా నాలుగు నకళ్లతో వచ్చారా? మన దేశపు చేపలపడవనే నడిసముద్రంలో చేజిక్కించుకుని, మనవాణ్ణే చంపి, గాలి నింపిన చిన్న పడవలో కొలాబా ఒడ్డున దిగారు. 1993లో ముంబయి పేలుళ్లకు వాడిన మందుగుండు రాయగఢ్ తీరాన దిగింది. ఆ కేసులో సుంకాల శాఖ ఉద్యోగులు కొందరికే న్యాయస్థానం శిక్షలు వేసింది. రెండు సందర్భాలలోనూ కాగితం తక్కువై అనర్థం జరగలేదు. తీరాన కన్ను తక్కువై ఒకసారి, మనిషిలో నీతి తక్కువై ఒకసారి జరిగింది. తానెవరో, ఎక్కడినుండి వచ్చాడో, నావ పేరేమిటో ముందే కబురంపి, నిర్ణీతమైన రేవుకు వచ్చి, పాసుపోర్టు చేతబట్టుకుని నిలుచున్నవాడిమీద మూడురోజులు వెచ్చించే అధికారి, ఆ మూడురోజులు చెప్పకుండా వచ్చేవాణ్ణి వెతకడానికి వెచ్చించడం లేదన్నమాట. చెప్పివచ్చినవాడికి దారి సుగమం చేస్తేనే చెప్పకుండా వచ్చేవాడు ప్రత్యేకంగా కంటబడతాడు.

రెండవ మాట, డబ్బున్నవాడి బాధ మనకెందుకని. ఇది పై విలాసనౌక అనే మాట పుట్టించిన పొరపాటే. నిజమైన కోటీశ్వరుడికి ఈ తంతు బాధే లేదు. అతడి కాగితాలు చూసుకునే మనుషులు అతడికున్నారు. నలిగేది స్వయంగా కార్యాలయంనుండి కార్యాలయానికి ఎండలో నడిచే చిన్నవాడు. అధికారపు గజిబిజి ఏ రంగంలోనైనా చిన్నవాణ్ణే నమలుతుంది. ఇక్కడా అంతే.

మూడవ మాట, వాళ్ల దేశాలు మనవాళ్లను వీసాల కోసం బారులు తీర్చి నిలబెట్టడం లేదా, మనమెందుకు మెత్తబడాలి అని. ఈ మాటలోని ఉడుకు నాకు అర్థమవుతుంది. కాని మనవాళ్లూ సముద్రంమీద తిరుగుతున్నారు. 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేరిన తారిణి అనే తెరచాప నావలో మన నౌకాదళపు మహిళలు ఆరుగురు భూప్రదక్షిణం చేసి 254 రోజులకు, 2018 మే 21న తిరిగివచ్చారు. వారిలో విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. దారిలో చుక్కాని యంత్రం పాడైతే ముందు అనుకోని పోర్టులూయీ రేవులో ఆగి బాగుచేసుకోవలసివచ్చింది. ఆ రేవు మారిషస్‌ది. అది ప్రభుత్వపు నావ గనుక దానికి వెనుక దేశం నిలబడింది. రేపు విశాఖ కుర్రవాడొకడు సొంతపడవలో బయలుదేరితే అతడికి ఏ రేవులో ఏ మర్యాద జరగాలని కోరుకుంటాం?

అంతకంటె దగ్గరి సంగతి. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మత్స్యకారులు ఇరవైమందికి పైగా గుజరాతు తీరానికి పొట్టపోసుకోవడానికి పోయి, సముద్రంలో కనబడని గీత దాటారని పాకిస్తాను చేత చిక్కారు. 2020 జనవరిలో ఇరవైమంది వాఘా దగ్గర మన గడ్డ తొక్కారు. పద్నాలుగు నెలలు! వాళ్లు యాత్రికులు కారు, అది వేరే చట్టం, ఒప్పుకుంటాను. కాని చిన్నపడవలోని మనిషి ముందుగా మనిషి అని, ఆ తరువాతనే అనుమానితుడని ఎదుటిదేశం గుర్తించాలని ఆనాడు మనమందరం కోరాం. మనం కోరినది మనం ఇవ్వాలి.

నాలుగవ మాట మన పండితవర్గంనుండే వస్తుంది, సముద్రయానం కలియుగంలో నిషిద్ధమని, ఓడల వ్యవహారం మన సంప్రదాయంలోనిది కాదని. ఆ నిషేధం ధర్మశాస్త్రాలలో ఉన్నమాట నిజమే. అది ఓడ ఎక్కేవాడికి. ఓడ దిగివచ్చినవాడి విషయంలో మన సంప్రదాయం ఏమన్నదో చూద్దాం.

కౌటిల్యుడు అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నావధ్యక్షుడనే అధికారికి ధర్మాలు చెబుతూ, గాలివానకు దెబ్బతిని వచ్చిన నావను తండ్రివలె ఆదరించమన్నాడు. నీటికి తడిసిన సరకుకు సుంకం మాఫీ చేయమన్నాడు, లేదా సగం తీసుకోమన్నాడు. ప్రయాణానికి అదను వచ్చినప్పుడు వదిలిపెట్టమన్నాడు. ఈ ఆఖరిమాట గమనించండి. తెరచాప నావకు అదను అంటే గాలి. తుఫానుల కాలం ముంచుకువస్తుంటే అధికారి సెలవులో ఉన్నాడని నావను ఆపితే ఆ ఆపడం కాగితంమీద ఒక రోజు, సముద్రంమీద ప్రాణాపాయం.

చినగంజాం దగ్గరి మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు శకం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, నిలిపిన అభయశాసనం మన విద్యార్థులందరికీ పాఠంగా ఉండదగినది. పూర్వపు రాజులు గాలివానకు చెదరి తీరాన పడిన ఓడల ధనాన్ని బలవంతంగా హరించేవారని, తాను నియతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన సముద్రవ్యాపారులకు అభయమిచ్చాడు. సుంకం ఎంతో కూడా చెప్పాడు, ముప్ఫైలో ఒక వంతు. ఇంగ్లండులో ఓడ పగిలినా అందులోనుండి మనిషో కుక్కో పిల్లియో ప్రాణంతో బయటపడితే ఆ సొత్తును పగిలిన ఓడ సొత్తుగా లెక్కించి లాగుకోరాదని శాసనం చేసింది 1275లో. మనవాడు ముప్ఫైయేళ్లు ముందు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో శాసనం వేయించి, వచ్చినవారు ఉండదలచితే ఉండవచ్చునని, పోదలచితే అడ్డు లేదని చెప్పాడు. రాయలవారు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతిభాగంలో రేవుల అభివృద్ధిని, తుఫానుకో రోగానికో బడలికకో తీరంచేరిన పరదేశీయులను వారివారి జాతికి తగినట్లు ఆదరించడాన్ని రాజధర్మంగా చెప్పాడు. ఇంత సంప్రదాయాన్ని అటకెక్కించి, సరకు ఓడల నకళ్లను సంప్రదాయమని పట్టుకు వేలాడుతున్నది మనమే.

అతిథి అనే మాటకే తిథి లేనివాడని అర్థం చెబుతారు. ఫలానా రోజున వస్తానని చెప్పి వచ్చేవాడు అభ్యాగతుడు. గాలిని నమ్ముకున్న నావికుడు అచ్చమైన అతిథి. బుధవారం వస్తానన్నవాడు శనివారం రావచ్చు. ముందుకబురు అడగండి, తప్పులేదు. తేదీ తప్పినందుకు దండించకండి.

అంతర్జాతీయంగా కూడా ఈ చిన్నవాడు అనాథే. నౌకారవాణా విధులను సులభం చేయాలని 1965లో లండనులో ఒక ఒడంబడిక జరిగింది. దాని పుణ్యాన 2024 జనవరి 1 నుండి సభ్యదేశాల రేవులన్నింటా ఒకే ఎలక్ట్రానిక్ కిటికీద్వారా ఓడల వివరాలు స్వీకరించాలి. ఆ ఒడంబడికలోనే యుద్ధనౌకలకు, విహారానికి వాడే యాట్లకు ఇది వర్తించదని రెండవ అధికరణంలో వ్రాశారు. అందుచేత ఈ చిన్ననావల విషయంలో ప్రతి దేశమూ తనంతట తానే మనసు పెట్టాలి. పెట్టగలదనడానికి ఇండొనీషియా సాక్ష్యం. 17 వేలకు పైగా దీవులున్న ఆ దేశం ఒకప్పుడు యాత్రానావలకు ముందస్తు భద్రతానుమతి తప్పనిసరి చేసి వారాలతరబడి తిప్పించేది. 2015లో అధ్యక్షశాసనంతో దానిని ఎత్తివేసి, 18 రేవులను ప్రవేశనిష్క్రమణలకు పేర్కొని, వివరాలు కంప్యూటరులో నమోదు చేసుకోమన్నది. ఆ దేశానికి భద్రత అక్కరలేదా? మనకంటె ఎక్కువ తీరమున్న దేశమది.

నేను కోరేది అసాధ్యమైనది కాదు. మొదటిది, యాత్రానావను సరకు ఓడనుండి వేరుచేసి ప్రత్యేక నియమావళి ఒకటి వ్రాయాలి. ఆంగ్లంలోనూ, తీరభాషలలోనూ ఒకేచోట అచ్చువేసి పెట్టాలి. రెండవది, దేశంలో ప్రవేశం ఒక్కసారే జరగాలి. ఆ తరువాత రేవునుండి రేవుకు పోయేటప్పుడు ఎక్కడికి పోతున్నదీ తెలిపితే చాలు. మూడవది, రుసుము ఎంతో ముందే తెలియాలి, దానికి రసీదు ఉండాలి, ఏజెంటును పెట్టుకోవడం యాత్రికుడి ఇష్టం కావాలి. గణపతిదేవుడు రాతిమీద చెక్కించగలిగిన అంకెను మనం తెరమీద చూపలేమా? నాలుగవది, నిష్క్రమణపత్రం అడిగిన 24 గంటలలో ఇవ్వాలి, లేదా ఎందుకివ్వరో వ్రాసి ఇవ్వాలి. అయిదవది, ఇవన్నీ కొచ్చి, ముంబయిలతో ఆపక విశాఖ, కాకినాడ రేవులలోనూ అమలుచేయాలి.

నాలుగవదాన్ని మరొకసారి నొక్కి చెబుతాను. రానివ్వకపోవడం మర్యాదలోపం మాత్రమే. రానిచ్చి పోనివ్వకపోవడం నిర్బంధం. ఇంటికి వచ్చినవాడికి భోజనం పెట్టలేకపోయినా లోకం క్షమిస్తుంది. చెప్పులు దాచి కూర్చోబెడితే క్షమించదు.

దీనికి ఎదురుచెప్పగల మిత్రులు, ముఖ్యంగా రేవులలోను, సుంకాల శాఖలోను పనిచేసినవారు, తప్పక వ్రాయండి. ఏ కాగితం ఎందుకు అవసరమో ఒక్కొక్కదానికి కారణం చెప్పండి. కారణం ఉన్న కాగితం ఉండనీయండి. లేనిదానిని చించివేయమని మనమందరం కలిసి అడుగుదాం.